పెద్ద ట్యాబ్‌ను పడుకుని, వాలి, హాయిగా చూడడం ఎలా?

12, 13 అంగుళాల ట్యాబ్ కొన్నవాళ్ల దగ్గర్నుంచి తరచూ వచ్చే ప్రశ్నలివి. ‘తెర బ్రహ్మాండంగా ఉంది, కానీ పడుకుని చూద్దామంటే చేతులు పీకుతున్నాయి.’ ‘నాన్నగారికి ఈపేపర్ కోసమని కొన్నాం, పది నిమిషాలకే మెడ నొప్పని పక్కన పెట్టేస్తున్నారు.’ ‘ఏ స్టాండు కొనమంటారు?’ అన్నింటికీ కలిపి ఒకచోట రాస్తున్నాను. స్టాండు సంగతి మాత్రం చివర్లో చూద్దాం. చాలా ఇళ్లలో దాని అవసరమే రాదు.

ముందుగా ఒక్క విషయం ఒప్పుకోండి: ట్యాబ్‌ను మోయడం చేతుల పని కాదు. చేతులు తెరను తాకాలి, పేజీ తిప్పాలి, అంతే. బరువు మోసే పని దిండుకో, బల్లకో, తొడలకో అప్పగించాలి. ఫోను రెండు వందల గ్రాముల వస్తువు కాబట్టి దానికి ఈ గొడవ లేదు. 2022లో వచ్చిన 12.9 అంగుళాల ఐప్యాడ్ ప్రో 682 గ్రాములు. 14.6 అంగుళాల శాంసంగ్ గెలాక్సీ ట్యాబ్ ఎస్9 అల్ట్రా 732 గ్రాములు. 2024 నాటి 13 అంగుళాల ఐప్యాడ్ ప్రో 579 గ్రాములకు దిగింది కానీ, అదీ అరకిలో పైమాటే. పైగా వెడల్పు ఎక్కువ. ఒక అంచు పట్టుకుంటే బరువంతా మణికట్టుకు దూరంగా వేలాడుతుంది, అందుకే కాటా మీద కనిపించే దానికన్నా చేతికి ఎక్కువ బరువనిపిస్తుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- గట్టి దిండ్లు రెండు, మెత్తటిది ఒకటి. ఇంట్లో బాలీసు ఉంటే ఇంకా మంచిది.
- పెద్ద తువ్వాలు ఒకటి.
- పిల్లలు పరీక్షలకు తీసుకెళ్లే అట్ట. దీన్ని తేలిగ్గా తీసిపారేయకండి, ఈ మొత్తం జాబితాలో ఎక్కువ పనికొచ్చేది ఇదే.
- ట్యాబ్‌ను నిలబెట్టగలిగే మడత కవరు.
- రెండు మీటర్ల ఛార్జింగ్ కేబుల్.
- ఉంటే: మంచం మీద వేసుకునే మడత బల్ల, వ్యాసపీఠం, చిన్న బ్లూటూత్ మౌస్. లేకపోతే ఇప్పుడే కొనొద్దు.

1. ముందు బరువు దించండి

కవరుతో సహా ట్యాబ్‌ను వంటింటి కాటా మీద పెట్టి చూడండి. కీబోర్డు కవరు ఉన్నవాళ్లకు ఇక్కడే అసలు సంగతి తెలిసిపోతుంది, చాలాసార్లు మొత్తం కిలో దాటుతుంది. సాయంత్రం వాలి చూసుకునేటప్పుడు కీబోర్డు తీసి పక్కన పెట్టండి. పిల్లలు పడేస్తారని వేసిన లావుపాటి రబ్బరు కవరు కూడా బరువే. పిల్లలు ఇంట్లో లేని వేళ దాన్ని తీసి చూడండి, తేడా చేతికే తెలుస్తుంది.

2. తెర తిరగకుండా తాళం వేయండి

పక్కకు ఒరిగిన ప్రతిసారీ తెర కూడా గిర్రున తిరిగితే చిరాకు. ఐప్యాడ్‌లో తెర కుడి పై మూల నుంచి కిందికి లాగితే తాళం చుట్టూ బాణం ఉన్న గుర్తు కనిపిస్తుంది, దాన్ని తాకండి. ఆండ్రాయిడ్‌లో పై నుంచి లాగి ‘ఆటో రొటేట్’ ఆపేయండి. వరుస ముఖ్యం: ముందు కూర్చుని, తెర మీకు కావలసిన వైపు తిరిగాక, అప్పుడు తాళం వేసి, ఆ తర్వాత పడుకోవాలి. పడుకున్నాక తాళం వెతుక్కుంటే తెర అడ్డంగా బిగుసుకుపోతుంది.

3. మంచం మీద సగం వాలి చూడటం

మీకు ఒకే పద్ధతి నేర్చుకునే ఓపిక ఉంటే ఇది నేర్చుకోండి. మిగతావన్నీ దీని తర్వాతే.

అ) గోడకో, మంచం తలాపి పలకకో ఒక గట్టి దిండును నిలువుగా ఆనించండి. అది నడుము దగ్గర మొదలవ్వాలి. చాలామంది దిండును తల కింద, భుజాల కింద మాత్రమే పెట్టుకుంటారు. అప్పుడు నడుము కిందికి జారి, గడ్డం ఛాతీకి తగులుతుంది. మెడనొప్పి అక్కడే మొదలు. పిరుదులు గోడ దగ్గరికంటా జరపండి.

ఆ) మెడ వెనక మెత్తటి దిండు.

ఇ) మోకాళ్ల కింద బాలీసు పెట్టండి, లేదా రెండో గట్టి దిండును మడిచి పెట్టండి. మోకాళ్లు పైకి లేస్తే తొడలు ఏటవాలు బల్లలా మారతాయి. కిందికి జారిపోవడం కూడా తగ్గుతుంది.

ఈ) తొడల మీద పరీక్ష అట్ట పెట్టి, దాని మీద ట్యాబ్ ఉంచండి. అట్ట క్లిప్పు కింది వైపు, అంటే మీ పొట్ట వైపు, ఉండేలా తిప్పితే ట్యాబ్ జారకుండా అదే ఆపుతుంది. క్లిప్పు ట్యాబ్‌కు గీతలు పెడుతుందనిపిస్తే తువ్వాలును బిగుతుగా చుట్టి కింది అంచు దగ్గర అడ్డం వేయండి.

ఉ) ఇప్పుడు దూరం చూడండి. కళ్లకూ తెరకూ మధ్య మూరెడు దూరం ఉండాలి. టేపు అక్కర్లేదు: మోచేతిని చెంప పక్కకు తెచ్చి చెయ్యి ముందుకు చాపితే, వేళ్ల కొసలు దాదాపు తెరను తాకాలి. పెద్ద తెర కొన్నది దాన్ని కాస్త దూరంగా పెట్టుకోవడానికే. ఫోనులా ముఖం దగ్గరికి లాక్కుంటే ఆ డబ్బులు వృథా. ముఖం చూసి తాళం తీసే ఫేస్ ఐడీ ఉన్న ఐప్యాడ్‌లలో, ఐప్యాడ్ ఓఎస్ 17 సాఫ్ట్‌వేర్ నుంచి, ‘స్క్రీన్ డిస్టెన్స్’ అనే సదుపాయం ఉంది. సెట్టింగ్స్‌లోని స్క్రీన్ టైమ్‌లో దాన్ని ఆన్ చేస్తే, 30 సెంటీమీటర్ల కన్నా దగ్గరగా ఎక్కువసేపు చూసినప్పుడు దూరం జరపమని చెబుతుంది. పిల్లలకే కాదు, పెద్దలకూ పెట్టండి.

అట్ట ఎందుకంటే, ట్యాబ్‌ను నేరుగా దిండు మీద పెడితే వెనక భాగానికి గాలి తగలదు, వేడెక్కుతుంది. ఐప్యాడ్‌ను 35 డిగ్రీల వరకు ఉన్న వాతావరణంలోనే వాడమని ఆపిల్ చెబుతుంది. మే నెలలో మన ఇళ్లలో మేడ మీద గది ఆ గీత దాటడం మామూలే. తెర వెలుతురు దానంతటదే తగ్గిపోతుంటే ట్యాబ్ పాడైందని కంగారు పడకండి, ముందు దిండు తీసి చూడండి.

మడత బల్ల ఉన్నవాళ్లు మోకాళ్లు ఎత్తకుండా కాళ్లు చాపుకుని దాన్ని అడ్డంగా వేసుకోవచ్చు. కానీ బల్ల మీద ట్యాబ్‌ను చదునుగా పడుకోబెట్టొద్దు. కవరును మడిచి నిలబెట్టండి. చదునుగా ఉంటే మళ్లీ మెడ వంచాల్సిందే. పైగా తెరలో మీ ట్యూబులైటు, తిరుగుతున్న ఫ్యాను రెక్కలు కనిపిస్తుంటాయి.

4. పడక కుర్చీలో

పాతకాలపు పొడుగు చేతుల పడక కుర్చీ మీ ఇంట్లో ఉంటే అదృష్టమే. రెండు చేతుల మీదా అడ్డంగా ఒక చెక్క పలక వేయండి. పలక కుర్చీ వెడల్పు కంటే రెండు వైపులా నాలుగేసి వేళ్లు ఎక్కువ ఉండాలి, కింద రబ్బరు ముక్కలు అంటించాలి. దాని మీద మడత కవరుతో ట్యాబ్ నిలబెడితే ఏ ఆన్‌లైన్ స్టాండూ దీనికి సాటి రాదు. లేచేటప్పుడు మాత్రం ముందు ట్యాబ్ తీయండి, తర్వాత పలక, ఆ తర్వాత మీరు.

సోఫాలో అయితే ఒడిలో గట్టి దిండు, దాని మీద అట్ట. ఇక చెప్పేదేమీ లేదు.

5. నేల మీద చాప వేసుకుని

భాగవతం చదవడానికి పెద్దవాళ్లు వాడే వ్యాసపీఠం పెద్ద ట్యాబ్‌కు చక్కగా సరిపోతుంది. ఇంట్లో ఉంటే కిందికి దించండి, లేకపోతే పూజా సామగ్రి అమ్మే దుకాణాల్లో అడగండి. కొనేముందు రెండు చూడండి. ఒకటి, పలకల కింది భాగంలో ట్యాబ్ ఆగే గాడి మీ ట్యాబ్ మందానికి, కవరుతో సహా, సరిపోతుందా? రెండు, 14 అంగుళాల ట్యాబ్ అడ్డంగా పెడితే పీఠం పక్కకు ఒరుగుతోందా? చిన్న పీఠాలు ఒరుగుతాయి.

నేల మీద బాసింపట్టు వేసి కూర్చుంటే పీఠం ఎత్తు చాలదు, తల బాగా దించాల్సి వస్తుంది. పీఠాన్ని ఒక పీట మీద పెట్టండి. వెనక గోడకు బాలీసు ఆనించుకోండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ఈ పద్ధతి వద్దు, వాళ్లకు నాలుగోదే మంచిది.

6. పక్కకు తిరిగి పడుకుని

అందరికీ ఇష్టమైనది, అందరూ తప్పుగా చేసేది ఇదే. ఒక చేతి మీద తల ఆనించి, మరో చేత్తో ట్యాబ్ పట్టుకుంటే ఐదు నిమిషాలకు కింది చెయ్యి తిమ్మిరెక్కుతుంది. ఇలా మార్చి చూడండి.

అ) తల కింది దిండు మీ భుజం ఎత్తుకు సరిపడా ఉండాలి. మెడ, వెన్ను ఒకే గీతలో ఉండాలి. దిండు పలచనైతే తువ్వాలు మడిచి కిందపెట్టండి.

ఆ) వీపు వెనక ఒక దిండు, మోకాళ్ల మధ్య ఒకటి. వీపుకు ఆనుడు లేకపోతే కాసేపటికి బోర్లా ఒరిగిపోతారు.

ఇ) చదవడానికైతే నిలువు పేజీలో తాళం వేసి, ట్యాబ్‌ను పరుపు మీద దాని పొడుగు అంచు మీద నిలబెట్టండి. చూసేవాళ్లకు అడ్డంగా కనిపిస్తుంది కానీ, పడుకున్న మీకు నిలువు పుస్తకమే. మడత కవరుతో ఇలా నిలబెట్టడం సులువు. అక్షరాలు తలకిందులైతే ట్యాబ్‌ను రెండో పొడుగు అంచు మీదికి తిప్పండి, సరి.

ఈ) సినిమాకు ఇది కుదరదు. పడుకున్న మీకు బొమ్మ అడ్డంగా కనబడాలంటే ట్యాబ్ పొట్టి అంచు మీద నిలబడాలి, పరుపు మీద అది నిలవదు. గోడవైపు తిరిగి పడుకుని, ట్యాబ్‌ను గోడకు ఆనించి కింద తువ్వాలు చుట్ట అడ్డం పెడితే కొంత నయం. అయినా నా మాట వింటే సినిమాకు మూడో పద్ధతిలోకి వెళ్లండి.

ఉ) పరుపు మెత్తగా ఉంటే కవరు కాలు కుంగి ట్యాబ్ వెనక్కి వాలుతుంది. కింద ఆ పరీక్ష అట్టే వేయండి.

స్పీకర్లు ఏ వైపు ఉన్నాయో కూడా చూసుకోండి. అవి పరుపులో కూరుకుపోతే మాట మూగబోయినట్టు వినిపిస్తుంది. మనం సౌండ్ పెంచుతాం, పక్కవాళ్లు విసుక్కుంటారు.

7. వెల్లకిలా పడుకుని

పెద్ద ట్యాబ్‌ను ముఖం పైన రెండు చేతులతో ఎత్తి పట్టుకోవడం వద్దు. నిద్ర పట్టగానే అరకిలో గాజు, లోహం ముక్కు మీద పడతాయి. కళ్లజోడు ఉంటే ఇంకా ప్రమాదం. నడుము నొప్పి వల్లనో, ఆపరేషన్ తర్వాతో వెల్లకిలా తప్ప పడుకోలేని వాళ్లకు మాత్రం నేల మీద నిలిచే, అడుగు బరువైన స్టాండు కావాలి. దాని సంగతి కింద రాశాను.

ట్యాబ్‌ను పొట్ట మీదో, ఛాతీ మీదో నిలబెట్టుకుని చూసేవాళ్లకు ఒక గట్టి హెచ్చరిక. ట్యాబుల్లోనూ, వాటి కవర్లలోనూ అయస్కాంతాలు ఉంటాయి. గుండెకు పేస్‌మేకర్ గానీ, ఐసీడీ (గుండె లయ తప్పితే షాక్ ఇచ్చి సరిచేసే యంత్రం) గానీ అమర్చినవాళ్లు దీన్ని ఛాతీకి ఆనించుకోకూడదు. తన పరికరాలను అలాంటి యంత్రాలకు 15 సెంటీమీటర్లకు పైగా ఎడంగా ఉంచమని ఆపిల్ సూచిస్తుంది. మీ ఇంట్లో అలాంటివాళ్లుంటే వాళ్ల డాక్టరునూ ఒక మాట అడగండి.

బోర్లా పడుకుని, మోచేతుల మీద లేచి చూడటం గురించి రాయను. పిల్లలు చేస్తారు, చెయ్యనివ్వండి. ముప్పై దాటినవాళ్లకు వద్దు.

8. కళ్లజోడు, వెలుతురు

బైఫోకల్, ప్రోగ్రెసివ్ అద్దాలు వాడేవాళ్లకు దగ్గర చూపు అద్దం కింది భాగంలో ఉంటుంది. ట్యాబ్‌ను కంటికి ఎదురుగా పెడితే వాళ్లు గడ్డం పైకెత్తి చూడాలి, మెడ వెనక పట్టేస్తుంది. వీళ్లు తెరను ఛాతీ ఎత్తున, కొంచెం కిందికి ఉంచుకోవాలి. ‘తెర కంటికి ఎదురుగా ఉండాలి’ అని ఎక్కడో చదివి అలా పెట్టుకుని బాధపడేవాళ్లలో ఎక్కువమంది వీళ్లే. లేదా చదవడానికి మాత్రమే విడిగా ఒక జోడు చేయించుకోండి. పక్కకు తిరిగి పడుకుంటే కళ్లజోడు ఎలాగూ ఒరుగుతుంది, అప్పుడు అద్దంలో సరైన చోటు నుంచి చూడటం కుదరదు.

గది చీకటి చేసి తెర ఒక్కటే వెలిగించొద్దు. మీ వెనక, పక్కగా చిన్న లైటు ఉండాలి. ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరంలోని దేన్నైనా ఇరవై సెకన్లు చూడమని కంటి డాక్టర్లు చెప్పేది మంచం మీద కూడా వర్తిస్తుంది.

9. చేతులకు పని తగ్గించండి

అక్షరాలు పెద్దవి చేయండి. ఈపేపర్ పేజీ మొత్తాన్ని చూస్తూ రెండు వేళ్లతో లాగి, వదిలి, మళ్లీ లాగడం అలసట. చాలా ఈపేపర్లలో వార్త మీద తాకితే అది విడిగా తెరుచుకుంటుంది, అలా చదవండి. పీడీఎఫ్‌లకు ఆ సౌకర్యం లేదు కానీ, 13 అంగుళాల ఐప్యాడ్ తెర దాదాపు 26 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. డెమ్మీ సైజు, అంటే మామూలు సైజు, తెలుగు పుస్తకం పేజీ అందులో అసలు కన్నా పెద్దగానే కనిపిస్తుంది. చుట్టూ ఖాళీ అంచులను కత్తిరించి చూపే యాప్‌లో తెరిస్తే ఇంకా పెద్దదవుతుంది.

టైపు చేయాలంటే అడ్డంగా పరుచుకున్న కీబోర్డు రెండు బొటనవేళ్లకూ అందదు. ఐప్యాడ్‌లో కీబోర్డు మీద రెండు వేళ్లు పెట్టి దగ్గరికి చేరిస్తే అది చిన్నదై ఒక పక్కకు వస్తుంది. ఆండ్రాయిడ్‌లో గూగుల్ వారి జీబోర్డ్ కీబోర్డు వాడేవాళ్లకు ‘ఫ్లోటింగ్’ ఉంది. తెలుగులో పొడుగాటి మెసేజ్ అయితే మైకు నొక్కి మాట్లాడేయడమే నయం.

బ్లూటూత్ మౌస్ గురించి చాలామందికి తెలీదు. ఐప్యాడ్ మీదా, ఆండ్రాయిడ్ ట్యాబ్ మీదా అది పనిచేస్తుంది. పక్కన పరుపు మీద పెట్టుకుని చక్రం తిప్పితే పేజీ కదులుతుంది, చెయ్యి లేపనక్కర్లేదు.

10. సరిగా కుదిరిందా లేదా? ఇలా చూసుకోండి

పావుగంట చూశాక, కదలకుండా, రెండు చేతులూ ట్యాబ్ మీంచి తీసేయండి. ట్యాబ్ అక్కడే ఉందా? జారినా, ఒరిగినా ఇంకా మీ చేతులే మోస్తున్నట్టు. ఆ తర్వాత ఒంటిని అడగండి:

- చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరిగా ఉంటే మోచెయ్యి మరీ ముడుచుకుని ఉంది, లేదా గట్టి దాని మీద ఆని ఉంది. చెయ్యి చాపండి, మోచేతి కింద మెత్తటి దిండు పెట్టండి.
- బొటనవేలి మొదట్లో నొప్పి ఉంటే అంచును ఇంకా నొక్కి పట్టుకుంటున్నారు.
- మెడ వెనక బిగుతుగా ఉంటే ట్యాబ్ కిందికి ఉంది, లేదా నడుము జారింది. ముందు నడుము సర్దుకోండి, చాలామందికి దోషం అక్కడే.
- కళ్లు మంటగా ఉంటే దూరం, లైటు చూడండి. ఫ్యాను గాలి నేరుగా ముఖానికి కొడుతున్నా కళ్లు ఆరిపోతాయి.

స్థానం మార్చినా తిమ్మిరి పోకుండా రోజుల తరబడి ఉంటే అది ట్యాబ్ సమస్య కాదు, డాక్టరుకు చూపించాలి.

ఛార్జింగ్ సంగతి

పరుపు మీద, దిండు కింద, దుప్పటిలో పెట్టి ఛార్జింగ్ చేయొద్దు. ఛార్జర్ అయితే అసలు మంచం ఎక్కకూడదు, అది గోడ దగ్గరే ఉండాలి. చూస్తూ ఛార్జ్ చేయక తప్పకపోతే పొడుగు కేబుల్ వాడండి, వేడి ఎక్కితే తీసేయండి. ట్యాబ్‌ను నిలువుగా పెట్టినప్పుడు ఛార్జింగ్ రంధ్రం కింద ఉంటే బరువంతా పిన్ను మీద పడి అది వంగుతుంది. ట్యాబ్‌ను తలకిందులు చేస్తే రంధ్రం పైకి వస్తుంది. తెర దానంతటదే సర్దుకుంటుంది, తాళం వేసి ఉంటే మాత్రం ఒకసారి తీసి మళ్లీ వేయాలి.

ఇక స్టాండు కొంటానంటే

పైవన్నీ ఒక వారం చేసి చూశాక కూడా కావాలనిపిస్తే కొనండి. మంచానికి బిగించే, వంచితే వంగే మెడ ఉన్న స్టాండ్లు చూడటానికి ముచ్చటగా ఉంటాయి కానీ ఎక్కువ శాతం ఫోన్ల కోసం, చిన్న ట్యాబుల కోసం చేసినవే. పెద్ద ట్యాబ్ పెడితే మెడ మెల్లగా వాలిపోతుంది. వివరాల్లో ‘ఎంత సైజు వరకు’ అని కాదు, ‘ఎంత బరువు వరకు’ అని చూడండి. బరువు రాయని స్టాండు కొనొద్దు. రాసిన బరువు మీ ట్యాబ్, కవరు కలిపిన దానికి రెట్టింపు ఉంటే నిశ్చింత. మీరు మొదట కాటా వేసింది ఇందుకే.

తర్వాత బిగింపు. మన టేకు మంచాల తలాపి పలకలు లావుగా ఉంటాయి, క్లాంపు నోరు అంత తెరుచుకోదు. పలక మందం స్కేలుతో కొలిచి, స్టాండు వివరాల్లోని నోటి వెడల్పుతో పోల్చండి. నవారు మంచానికీ, మడత మంచానికీ ఇలాంటివి బిగించొద్దు, పట్టు నిలవదు.

మెడ స్టాండు ఏదైనా తాకితే ఊగుతుంది. చూడటానికే తప్ప వేలితో తాకుతూ పనిచేయడానికి పనికిరాదు, దానికి పైన చెప్పిన మౌస్ జత చేయాలి. నేల మీద నిలిచే స్టాండుకు అడుగు చక్రం బరువుగా ఉండాలి, స్టాండు చెయ్యిని ట్యాబ్‌తో సహా పూర్తిగా చాపినప్పుడు కూడా ఆ అడుగు లేవకూడదు. డబ్బా విప్పగానే ట్యాబ్ పెట్టేయకండి. మీ ట్యాబ్ అంత బరువున్న కందిపప్పు ప్యాకెట్టు కట్టి, కింద దిండు వేసి, ఒక రాత్రి వదిలేయండి. తెల్లారేసరికి చెయ్యి వాలి ఉంటే, తిరిగి పంపే గడువు దాటకముందే పంపించేయండి.